పావులూరి మల్లన చదరంగ సంఖ్య

చదరంగపు పలక మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున ఇనుమడింపజేస్తూ 64 గడులూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేర ఈ ఇరవై అంకెలను ఒకే పద్యంలో చెప్పిన పాఠం ప్రసిద్ధం. అందులో అంకెలుండవు. 5కు శరము, 1కి చంద్రుడు, 0కు ఆకాశము వంటి పదాలను ఒకట్ల స్థానం మొదలుకొని కూర్చడమే భూతసంఖ్యా పద్ధతి.

ప్రాచీన పద్యాల పాఠనిర్ణయానికి సాధారణంగా మరొక ప్రతి కావాలి. ఇక్కడ మాత్రం సంఖ్యే సాక్షి. 2 యొక్క 64వ ఘాతం నుంచి 1 తీసివేస్తే వచ్చేదాన్ని 9తో భాగించినప్పుడు శేషం 6 మిగలాలి. పద్యంలోని అంకెల మొత్తం 87. దాని శేషమూ 6. లేఖకుడు నాలుగును ఏడుగా మార్చి ఉంటే ఈ లెక్క వెంటనే పట్టిస్తుంది. అంకెలు తారుమారైతే మాత్రం ఇది చాలదు, గుణకారమంతా చేయవలసిందే. అట్లు చేసి చూసినా పద్యంలో ఒక్క అంకె తప్పదు.

క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ కూడా ఈ మొత్తాన్నే లెక్కించాడు. ఈ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుంది. ఆ 641తోనే, 2 యొక్క 32వ ఘాతానికి 1 కలిపితే ప్రధాన సంఖ్య వస్తుందన్న ఫెర్మా ఊహను 1732లో ఆయిలర్ పూర్వపక్షం చేశాడు.