కైరో మహాసభ చెవిన పెట్టని పాట

జనం నోట నానే పాట పండితులు పరిశోధించదగిన విషయమేనా? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. పదవ శతాబ్దంలోనే అబుల్ ఫరజ్ ఇస్ఫహానీ ‘కితాబుల్ అగానీ’లో పాటలనూ గాయకుల వృత్తాంతాలనూ ఎంతో ఓపికతో సమకూర్చాడు. సంగీతం వినడం ధర్మసమ్మతమా కాదా అన్నది వేరే చర్చ. ఇమాం గజాలీ తమ ‘ఇహ్యా’లో దానికి ఒక భాగమే కేటాయించారు. ఇక్కడి ప్రస్తావన చరిత్రకు సంబంధించినది మాత్రమే.

1932లో ఈజిప్టు రాజు ఫుఆద్ ప్రోత్సాహంతో కైరోలో అరబ్ సంగీత మహాసభ జరిగింది. హంగేరీ స్వరకర్త బార్టోక్, జర్మన్ పండితుడు కర్ట్ జాక్స్, అరబ్ సంగీత చరిత్ర రచించిన ఫార్మర్ మొదలైనవారు హాజరైనారు. పియానో వంటి పాశ్చాత్య వాద్యాలను స్వీకరించాలని ఈజిప్షియన్లలో పలువురు కోరారు. వద్దన్నవారు ఎవరనుకున్నారు? యూరపు పండితులే!

రాబర్ట్ లాఖ్‌మన్ నాయకత్వంలోని ఉపసంఘం గ్రామఫోను రికార్డులు తయారు చేయించింది. ఇరాకు మఖాం, మగ్రిబ్ దేశాల అందలూసీ బాణీలు, సూఫీల జిక్ర్, కాప్టిక్ క్రైస్తవుల ఆరాధన గానం వాటిలో నిలిచాయి. ఆ మేలు మరువరానిది. అయితే ‘స్వచ్ఛమైన’ సంగీతం కోసం వెదికిన ఆ పండితుల దృష్టికి, నగరాల్లో అమ్ముడుపోయే కొత్త పాట కలగాపులగంగా తోచింది.

అప్పటికే కైరోలో పేరు మోగుతున్న గాయని ఉమ్మె కుల్సూం. నైలు డెల్టాలోని ఒక పల్లెలో ఇమాం కుమార్తె. మక్తబ్‌లో ఖుర్ఆన్ పఠనం నేర్చింది. పెళ్ళిళ్ళలో భక్తిగీతాలు పాడే తండ్రి వెంట బాలుని వేషంలో తిరిగి పాడింది. 1934లో ఈజిప్టు జాతీయ రేడియో ఆరంభమైన తర్వాత, నెలలో మొదటి గురువారం రాత్రి ఆమె కచేరీ కోసం అరబ్ దేశాలు రేడియోల ముందు కూర్చునేవి. 1975లో ఆమె మరణించినప్పుడు జనాజా వెంట జనసముద్రమే కదిలింది.

విశ్వవిద్యాలయాలు ఆమెను ఆలస్యంగా పట్టించుకున్నాయి. అమెరికన్ పరిశోధకురాలు వర్జీనియా డేనియల్సన్ ఈజిప్టులో శ్రోతలతోనూ సంగీతకారులతోనూ మాట్లాడి, 1997లో ఆమెపై గ్రంథం వెలువరించింది. అక్షరాన్ని స్పష్టంగా పలకడం, భావాన్ని బట్టి పాదాన్ని మళ్ళీ మళ్ళీ మలచడం—ఇవన్నీ ఖారీల, షేఖుల శిక్షణ నుండి వచ్చినవని అక్కడి శ్రోతలే గుర్తించేవారట. మహాసభ వెదికిన ప్రాచీన సంప్రదాయం, అది ‘కలగాపులగం’ అనుకున్న పాటలోనే పదిలంగా ఉందని నా అభిప్రాయం.

నాటి రికార్డులు ఈనాటికీ వినవచ్చు. వాటిలో ఉమ్మె కుల్సూం గొంతు లేదు.