బెజవాడ ఆటోనగర్‌లో ముక్కులేని పికప్

ఆటోనగర్‌లో పాత బండిని బాగుచేయడం వింత కాదు. దాన్ని మొదట ఎలా ఉందో అలాగే నిలబెట్టాలనుకోవడమే వింత. అందుకే ఓ లేత్ షాపు ముందున్న 1968 నాటి మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్‌ని చూసి దారినపోయే మేస్త్రీలు తలో మాట విసురుతున్నారు. "తుక్కుకేస్తే నాలుగు డబ్బులొచ్చేవి కదయ్యా" అంటాడొకరు. "డీజిల్ ఇంజన్ పీకి పెట్రోలుది పెడతావా? మతి పోయిందా?" అంటాడింకొకరు. బండి కిందున్న యజమాని పలకడు. ఇంటర్ చదివే కూతురు స్పానర్ అందిస్తూ నవ్వుకుంటుంది.

మేస్త్రీల ఆశ్చర్యంలో తప్పులేదు. బండిని అవసరానికి తగ్గట్టు మార్చేయడమే ఈ పేట పెరిగిన తీరు. 1957లో ప్రకాశం బ్యారేజీ మీద రోడ్డు వచ్చాక మద్రాసు, కలకత్తా లారీలకు బెజవాడ తప్పనిసరి మజిలీ అయింది. హైదరాబాద్ దారీ ఇక్కడే కలుస్తుంది. లారీ ఆగిన చోట షెడ్డు వెలుస్తుంది. ఊరంతా చెల్లాచెదురుగా ఉన్న ఆ షెడ్లు 1960లలో పటమట పక్కన జవహర్ ఆటోనగర్‌గా ఒక్కచోటికి చేరాయి. దగ్గర్లోని బెంజి సర్కిల్‌కి ఆ పేరు అప్పట్లో అక్కడున్న టాటా మెర్సిడెస్ బెంజ్ లారీల షోరూం వల్లే వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. ఒట్టి ఛాసిస్‌గా వచ్చిన బండి ఇక్కడ క్యాబిన్, తొట్టి కట్టించుకుని రంగులతో రోడ్డెక్కుతుంది.

ఈ పికప్ కూడా ఆ మార్పులన్నీ చూసింది. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలుపెట్టి, 1960లలో ఎఫ్‌సీ-150 దాకా వచ్చారు. దీనికి ముక్కుండదు. డ్రైవరు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు, ఇంజను రెండు సీట్ల మధ్య రేకు మూత కింద కాగుతుంటుంది. ఎండాకాలం నూజివీడు మామిడికాయలు వేసుకొచ్చిన డ్రైవరు పాట్లు అడక్కర్లేదు! 1973 తర్వాత పెట్రోలు ధర మండిపోయి, ఎన్నో జీపుల్లాగే దీనికీ డీజిల్ ఇంజన్ పడింది. రంగు గీకుతుంటే పొర కింద పొర, ఒక యజమాని పేరు కింద ఇంకో యజమాని పేరు బయటపడ్డాయి. కూతురు ప్రతి పొరనీ ఫోనులో ఫొటో తీసుకున్నాకే ఉప్పుకాగితం పట్టింది. తండ్రికి అది చాదస్తంగా తోచింది. నిజానికి ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది అదే.

ఈ బండికి మొదట ఉండే రకం హరికేన్ పెట్రోలు ఇంజను ఓ తుక్కు కొట్టు వెనక దొరికింది. 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు. దాని ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. బోరు పని తండ్రిది, వాల్వులు కూతురివి. సీటు మీద గ్రైండింగ్ పేస్టు రాసి, వాల్వుకి రబ్బరు కప్పున్న కర్ర అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పాలి. తర్వాత పేస్టు తుడిచి, వాల్వు అంచు మీద పెన్సిలుతో గీతలు గీసి, సీట్లో పెట్టి కాస్త తిప్పి చూడాలి. గీతలన్నీ చెరిగితేనే వాల్వు సరిగ్గా కూర్చున్నట్టు. ఒక్క గీత మిగిలినా తండ్రి ఒప్పుకోడు. "మళ్లీ తిప్పమ్మా" అంటాడు. "నాన్నా, ఇది చాల్లే" అన్నా వినడు.

పెట్రోలు ఇంజను కోసం ఇంత పట్టుదల ఎందుకంటే చట్టం సంగతి కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, సొంతానికి వాడే 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు దొరుకుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఫీజు రూ.20,000, గడువు పదేళ్లు. ఆ తర్వాత రెన్యువల్‌కి రూ.5,000. నంబరొచ్చినా రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తీయాలంతే. పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు వచ్చేదాకా కూతురికి ఆ స్టీరింగూ అందదు.

ఆటోనగర్ గురించి ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఏ షెడ్డు ఎప్పుడు మొదలైందో, ఏ మేస్త్రి ఎవరి దగ్గర పని నేర్చాడో రాసిపెట్టుకున్నది తక్కువ. మీ షాపు అటక మీద పాత బిల్లు పుస్తకాలు, బాడీ కట్టిన లారీల ఫొటోలు ఉంటే తుక్కులో వేయకండి. ఇంట్లో పిల్లల చేతికిచ్చి ఫొటోలు తీయించండి.