రెండు కెమేరాలలో ఏది మేలు?

సూర్యాపేటకు సమీపముననున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయుల కాలపు దేవాలయములు కలవు. వాటి మండపములలోని రాతి స్తంభములపై సన్నని చెక్కడములున్నవి; కాని లోపల వెలుతురు తక్కువ. ఒక ఉన్నత పాఠశాలవారు ఆ శిల్పముల ఛాయాచిత్రములను తీసి భద్రపరచుటకు డిజిటల్ కెమేరా కొనదలచిరనుకొందము. దుకాణదారుడు రెండింటిని చూపును. రెండింటిపైనను “12 మెగాపిక్సెళ్లు” అనియే ఉన్నది. వెలలో మాత్రము చాల తేడా. చౌకదానిని కొనిన నష్టమేమి? దీనికి సమాధానము డిజిటల్ కెమేరా చరిత్రలో దొరకును.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనువారు సి.సి.డి. అను సాధనమును రూపొందించిరి. సిలికాను ఫలకముపై కాంతి పడినపుడు ఎలక్ట్రానులు విడివడును. ఫలకమును చిన్న గదులుగా విభజించి, ప్రతి గదిలో చేరిన విద్యుదావేశమును వరుసగా బయటకు తెచ్చి కొలిచినచో చిత్రము ఏర్పడును. ఆ గదియే పిక్సెలు. ఈ కృషికి 2009లో వారికి నోబెల్ బహుమానములో భాగము లభించినది.

1975లో కోడక్ సంస్థలో స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమేరా బరువు సుమారు 3.6 కిలోలు. అందు 100 వరుసలు, వరుసకు 100 పిక్సెళ్లు, వెరసి 10,000 మాత్రమే. ఒక్క నలుపు తెలుపు చిత్రము క్యాసెట్ టేపుపై ఎక్కుటకు 23 సెకండ్లు పట్టెను. కనుక పిక్సెళ్లను పెంచుట ఆనాడు నిజమైన అవసరము. 1991లో కోడక్ విక్రయించిన వృత్తి కెమేరాలో అవి 13 లక్షలకు చేరినవి. తరువాత తక్కువ విద్యుత్తుతో పనిచేయు సీమాస్ ఫలకములు వ్యాప్తిలోనికి వచ్చినవి. పిక్సెళ్ల సంఖ్యయే ప్రకటనలలో కొలబద్ద అయినది.

కాని ఆ అవసరమునకు హద్దు కలదు. 6 అంగుళముల పొడవు, 4 అంగుళముల వెడల్పుగల చిత్రమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేయుటకు 1800 × 1200, అనగా 21,60,000 పిక్సెళ్లు చాలును. 12 మెగాపిక్సెళ్లనగా కోటి ఇరువది లక్షలు. కావున ఇక చూడవలసినది సంఖ్య కాదు, ఫలకపు వైశాల్యము.

చౌక కెమేరాలోని ఫలకము సాధారణముగా సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. పెద్ద కెమేరాలలో అనేకమున సుమారు 370. అనగా 13 రెట్లు. వాన కురియునపుడు వాకిట చెంబును, గంగాళమును ఉంచినచో దేనిలో నీరు ఎక్కువ చేరునో పిల్లలకు తెలియును. కాంతియు చినుకులవలె కణములుగానే పడును. కటకపు ద్వారనిష్పత్తి, కాలము సమానమైనపుడు, చిన్న ఫలకముపై ఒక పిక్సెలులో 100 కణములు పడినచో పెద్దదానిలో 1300 పడును. ఈ సంఖ్యలో సహజమైన హెచ్చుతగ్గు దాని వర్గమూలమంత. మొదటిదానిలో 100కు 10, అనగా నూటికి 10 పాళ్లు. రెండవదానిలో 1300కు 36, అనగా నూటికి 3 పాళ్ల లోపు. చీకటి మండపపు చిత్రములో చెక్కడములను కప్పివేయు ఇసుకవంటి మచ్చలకు ముఖ్యకారణమిదియే.

ఫలకపు పరిమాణమును తెలుపు అంకెయు మోసపుచ్చును. “1/2.3 అంగుళము” అనునది లెక్కకు 11 మిల్లీమీటర్లు, కాని ఆ ఫలకపు కర్ణము 8 మిల్లీమీటర్లకు లోపే. పూర్వపు టెలివిజన్ కెమేరా గొట్టముల బయటి వ్యాసమునుబట్టి పెట్టిన పేరు నేటికిని నిలిచియున్నది. కనుక పొడవు, వెడల్పులను మిల్లీమీటర్లలో అడుగవలెను.

చిన్న కెమేరా పనికిరానిదని కాదు. కోదాడ వరిపొలములను గాని, మిర్యాలగూడ ప్రాంతమున వాడపల్లివద్ద కృష్ణా మూసీ సంగమమును గాని పట్టపగలు చిత్రించుటకు అది చాలును, జేబులో ఇముడును. అవసరము మండపములోనిదైనచో, దుకాణములోనే ఒక చీకటి మూలను రెండు కెమేరాలతోను ఒకే తీరున చిత్రించి, నీడ భాగమును పెద్దదిచేసి చూడవలెను. పెట్టెపైని అంకెకన్న ఆ పరీక్షయే నమ్మదగినది.