కృష్ణా జలాలు: ఎగువ, దిగువ రాష్ట్రాల ఒప్పందాలు, వరద రక్షణ

మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఈ నదిని పంచుకుంటున్నాయి. 1944 నుంచి నేటిదాకా వీటి మధ్య ఒప్పందాలు కుదిరాయి, ట్రైబ్యునళ్లు కూర్చున్నాయి, బోర్డులు వెలిశాయి. వాటన్నిటినీ కలిపి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నీళ్లు చాలని ఏడాది ఎవరి వాటా ఎంతో దశాంశాలతో సహా కాగితం మీద ఉంది. నీళ్లు ఎక్కువైన రోజు ఎవరు ఏం చేయాలన్నది చాలావరకు ఇంజనీర్ల ఫోన్లకే వదిలేశారు.

నల్లపాడు, కుడి కాలువ

కాగితం మీది ఆ వాటా పొలంలో ఎలా ఉంటుందో ముందు చూద్దాం. గుంటూరు శివారు నల్లపాడులో రైలుమార్గం రెండుగా చీలుతుంది. ఒకటి నడికుడి మీదుగా కృష్ణ దాటి తెలంగాణలోకి పోతుంది. రెండోది నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా నంద్యాల వైపు సాగుతుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టును చూడాలనుకునేవారికి ఈ రెండో రైలు కిటికీ మంచి చోటు. పత్తి, మిర్చి పండే నల్లరేగడి ఇది.

203 కిలోమీటర్ల ఈ కాలువకు బచావత్ ట్రైబ్యునల్ కేటాయింపు 132 టీఎంసీలు. పత్తి తొలకరికి పడుతుంది. మిర్చి లెక్క వేరు. వానాకాలం సగంలో నారు నాటితే కోతలు జనవరి నుంచి వేసవి దాకా సాగుతాయి. అంటే వానలు వెనక్కి పోయాక తడి కావలసిన పంట. డిసెంబరులో కాలువ కట్టేస్తే ముందు ఎండేది ప్రకాశం జిల్లా చివరి భూములు. ఒంగోలు తాగునీటి చెరువులు నిండాలన్నా ఈ కాలువే దిక్కు. అందుకే ఇక్కడి రైతు పేపరు తెరిస్తే మిర్చి యార్డు ధరల తరవాత చూసేది సాగర్ నీటిమట్టం. ఆ అంకె 590 అడుగులకు చేరిందంటే ఆ ఏడాదికి బెంగ తీరినట్టే.

తుంగభద్ర: ముందు కుదిరిన పొత్తు

1944లో మద్రాసు రాష్ట్రం బ్రిటిషు ఏలుబడిలో ఉంది, హైదరాబాదు నిజాం సంస్థానం. పాలకులు వేరు, నాణెం వేరు. అయినా ఆ ఏడాది జూన్‌లో రెండు ప్రభుత్వాలూ కృష్ణ ఉపనది తుంగభద్ర నీటిని పంచుకుని, హోస్పేట దగ్గర ఒకే ఆనకట్టను చెరో ఒడ్డు నుంచి కట్టడానికి సంతకాలు చేశాయి. పని 1945లో మొదలై, స్వాతంత్ర్యాన్నీ పోలీసు చర్యనూ దాటుకుని, 1953లో కాలువలకు నీళ్లిచ్చింది. అదే ఏడాది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతూనే ఆనకట్ట నిర్వహణకు తుంగభద్ర బోర్డు వచ్చింది. కేంద్రం నియమించే అధ్యక్షుడు, రాష్ట్రాల సభ్యులు, ఖర్చులో ఎవరి వంతు వారిది. గొప్పగా చెప్పుకునే ఏర్పాటేమీ కాదు, కానీ గేటు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు అక్కడ ఒకే జవాబు ఉంటుంది.

2024 ఆగస్టు 10 రాత్రి ఆ బోర్డుకు అసలైన పరీక్ష ఎదురైంది. 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు ఎత్తక తప్పలేదు. విశ్రాంత ఇంజనీరు కన్నయ్య నాయుడును పిలిపించారు. జలాశయం ఖాళీ అయ్యేదాకా ఆగకుండా, పారే నీటిలోనే ఉక్కు పలకలను ఒకదానిమీద ఒకటి దించి ఆ కంతను మూయాలన్నది ఆయన పథకం. వారం రోజుల్లో అది నెగ్గింది. మూడు రాష్ట్రాల రైతులకూ ఆ ఏటి పంట నీళ్లు దక్కాయి.

బచావత్ లెక్క

1969లో ఏర్పడిన బచావత్ ట్రైబ్యునల్ 1973లో తీర్పిచ్చింది. 1976లో అది గెజిట్‌కెక్కింది. నూటికి 75 ఏళ్లు ఖాయంగా వచ్చే నీరు 2,060 టీఎంసీలని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. పొలాల నుంచి తిరిగి నదిలో చేరే నీటిని కలిపాక మన వాటా 811 అయింది. అంతకు మించి వచ్చిన నీటిని దిగువ రాష్ట్రం వాడుకోవచ్చు గానీ దానిమీద హక్కు పుట్టదని షరతు. మిగులు దిగువకే, వరదా దిగువకే. మొదటిదాని గురించి యాభై ఏళ్లుగా వాదనలు నడుస్తున్నాయి. రెండోదానిమీద అంత వాదన లేదు.

తరవాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 2010లో, 2013లో నివేదికలిచ్చింది. సుప్రీంకోర్టులో కేసుల వల్ల ఆ తీర్పు గెజిట్‌కు ఎక్కకుండా ఆగింది. చెన్నై తాగునీటికి మూడు రాష్ట్రాలూ తలా 5 టీఎంసీలు వదులుకున్న తెలుగుగంగ ఒప్పందం మాత్రం గొడవల మధ్య కుదిరిన అరుదైన మంచిపని. 1996లో కృష్ణ నీళ్లు తమిళనాడు చేరాయి.

ఒక ఆనకట్ట, రెండు రాష్ట్రాలు

2014 విభజనతో సాగర్ ఆనకట్టే సరిహద్దయింది. కుడి గట్టు ఇప్పటి పల్నాడు జిల్లా, ఎడమ గట్టు నల్గొండ. ఎడమ కాలువ చివరి ఆయకట్టు మళ్లీ ఆంధ్రలోకే వస్తుంది. కాబట్టి ఎవరు ఎగువ, ఎవరు దిగువ అన్నది ఇక్కడ అంత తేలిక కాదు. విభజన చట్టం కృష్ణా నదీ యాజమాన్య బోర్డును, దానిపైన కేంద్ర జలశక్తి మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులతో అపెక్స్ కౌన్సిల్‌ను పెట్టింది. కౌన్సిల్ 2016లో ఒకసారి, 2020లో ఒకసారి కూర్చుంది. చట్టం ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఉండాల్సిన బోర్డు కార్యాలయం ఏళ్ల తరబడి హైదరాబాదు జలసౌధలోనే నడిచింది. 811 టీఎంసీలను 512, 299గా పంచిన 2015 నాటి సర్దుబాటు ఒక్క ఏడాది కోసం అనుకున్నది. అదే ఏటేటా సాగింది. తెలంగాణ దాన్ని ఒప్పుకోవడం మానేసింది.

2023 నవంబరు 29 అర్ధరాత్రి దాటాక ఆంధ్ర పోలీసులు ఆనకట్ట మీదికి వచ్చి 26 గేట్లలో సగం తమ అధీనంలోకి తీసుకున్నారు. వంతెన మధ్య 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేసి, కుడి కాలువకు నీళ్లు వదిలారు. తెల్లవారితే తెలంగాణలో పోలింగు. తాగునీటి కోసమన్నది ఆంధ్ర వాదన, దండయాత్ర అన్నది తెలంగాణ ఫిర్యాదు. చివరకు ఆనకట్ట కేంద్ర రిజర్వు పోలీసుల కాపలాలోకి వెళ్లింది. తుంగభద్రలో 1953లోనే తేల్చుకున్న విషయం సాగర్‌లో అప్పటికి తొమ్మిదేళ్లుగా నానుతూనే ఉంది. రెండు రాష్ట్రాల మధ్య పంపకాన్ని కేంద్రం 2023 అక్టోబరులోనే బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కు అప్పగించింది.

వరద వచ్చినప్పుడు

2009 అక్టోబరు మొదట్లో కర్ణాటక, కర్నూలు ప్రాంతాల్లో కురిసిన కుండపోతకు శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. 885 అడుగులు నిండు మట్టమైన జలాశయం 896 దాకా లేచింది, కర్నూలు మునిగింది. శ్రీశైలం, సాగర్ కొంత పట్టి ఉంచడంతో అక్టోబరు 5న విజయవాడ ప్రకాశం బ్యారేజీకి చేరింది 11.10 లక్షలే. బ్యారేజీ తట్టుకునే గరిష్ఠం 11.9 లక్షలని గుర్తుంచుకుంటే ఆ 'లే' ఎంత విలువైనదో తెలుస్తుంది.

2019 ఆగస్టులో సాంగ్లీ, కొల్హాపూర్ మునిగినప్పుడు మహారాష్ట్ర వేలు కర్ణాటకలోని అలమట్టి ఆనకట్ట వైపు చూపింది. ఆ రాష్ట్రమే వేసిన వడ్నేరె కమిటీ అసలు కారణం అది కాదని చెప్పింది. అనుమానం పూర్తిగా పోలేదు గానీ, ఆ అనుభవంతో రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కోయ్నా, అలమట్టి విడుదలలను ఒకరికొకరు ముందే చెప్పుకోవడం పెరిగింది. దీనికి ట్రైబ్యునల్ అక్కర్లేకపోయింది.

వరద కోసమే రాసుకున్న ఒప్పందాలు లోకంలో లేకపోలేదు. భారత్, నేపాల్ 1954లో కోసి ఒప్పందం చేసుకున్నాయి. అయినా 2008లో కుసహా దగ్గర గట్టు తెగింది. రైన్ నది దేశాలు 1993, 1995 వరదల తరవాత, 1998లో నదికి పొంగే చోటు తిరిగి ఇచ్చే ప్రణాళిక ఒప్పుకున్నాయి. కృష్ణ ఒడ్డున అలాంటి చోటంటే కొల్లిపర, కొల్లూరు వైపు లంకలే. అక్కడ ఊళ్లూ అరటితోటలూ ఉన్నాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి 2009 రికార్డు చెరిగిపోయింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దితే మరమ్మతుకు మళ్లీ కన్నయ్య నాయుడే వచ్చారు. విజయవాడ సింగ్ నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు. అదే వానకు ఖమ్మంలో మున్నేరు పొంగింది. తెలంగాణ నుంచి వచ్చే ఈ ఏరు పులిచింతల ఆనకట్ట దాటాక కృష్ణలో కలుస్తుంది. దాని వరదను పట్టి ఉంచే పెద్ద జలాశయం దిగువన మరొకటి లేదు. ఖమ్మం వంతెన దగ్గర మట్టం ఎన్ని అడుగులుందో పక్క రాష్ట్రం నుంచి వేళకు అందితేనే నందిగామ నుంచి బ్యారేజీ దాకా గేట్లూ జనాన్నీ సర్దుకునే వీలుంటుంది.