అతిథి కవులు: గద్వాల కోట నుంచి మన పెంటల దాకా

గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరు. పండితుల గద్వాల అని దాని అర్థం. ఆ పేరు గద్వాలలో పుట్టినవాళ్ల వల్ల మాత్రమే రాలేదు, గద్వాలకు వచ్చిపోయినవాళ్ల వల్ల కూడా వచ్చింది. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డకు ఎక్కడెక్కడి కవులో ఏటేటా వచ్చేవాళ్లు. సభలో పద్యం చదివి, సన్మానం పొంది, మళ్లీ వచ్చే ఏడు వస్తామని చెప్పి వెళ్లేవాళ్లు. అట్లా అతిథి కవుల వల్ల ఒక ఊరికి పేరు వచ్చింది.

ఆ చరిత్ర గిరిజన యువతకు ఎందుకని కొందరు అడగవచ్చు. ఆ సభల్లో మన వాళ్లు లేరు కదా అనవచ్చు. లేరు కాబట్టే తెలుసుకోవాలని మేము అంటున్నాం. ఒక ప్రాంతం తన కవులను ఎట్లా తయారు చేసుకుంటుంది, ఎవరిని పిలుస్తుంది, ఎవరిని పిలవదు, పిలవనివాళ్ల పాట ఏమవుతుంది అనే ప్రశ్నలకు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల చరిత్రలోనే జవాబులు ఉన్నాయి.

సంస్థానాల సభలు

2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడూ పాత మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలే. అంతకు ముందు, నిజాం రాజ్యంలో, ఇక్కడ గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు ఉండేవి. గద్వాల కోట కట్టించినవాడు సోమనాద్రి. ఆత్మకూరు ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. జటప్రోలు సంస్థానానికి తరువాతి కాలంలో రాజధాని అయిన కొల్లాపూర్ ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. నిజాంకు కప్పం కడుతూ వీళ్లు తమ తమ ప్రాంతాలను ఏలుకున్నారు.

రాజ్యాలు చిన్నవైనా సాహిత్యంలో వీటి పేరు చిన్నది కాదు. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు స్వయంగా కవి, 'చంద్రికా పరిణయం' ఆయనదే. గద్వాలలో కార్తీక, మాఘ మాసాల్లో ఏటా పండిత సభలు జరిగేవి. ఈ సంస్థానాలన్నిటిలోనూ కొందరు ఆస్థాన కవులు అక్కడే ఉండేవాళ్లు. మరికొందరు బయటి నుంచి అతిథులుగా వచ్చేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లను ఆస్థాన పండితులు పరీక్షించేవాళ్లు. నెగ్గినవాళ్లకు సన్మానం దక్కేది. కొందరికి 'వార్షికం' రాసిచ్చేవాళ్లు.

ఈ వార్షికం అన్న మాటను మన ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే బహుమానం కాదు అది. ఏటా ఇంత అని నిర్ణయించి ఇచ్చే సొమ్ము. దాని కోసం కవి ఏటా రావాలి, ఏటా కొత్త పద్యం తేవాలి. ఊరి వాళ్లకు ఆ కవి ముఖం, గొంతు, ధోరణి తెలిసిపోతాయి. వినే వాళ్లకు పోయిన ఏటి పద్యానికీ ఈ ఏటి పద్యానికీ తేడా పట్టుకోవడం వస్తుంది. గద్వాలకు పేరు తెచ్చింది ఏదో ఒక గొప్ప సభ కాదు, ఏళ్ల తరబడి తప్పకుండా జరిగిన సభలు.

ఈ దారిన వచ్చిన అతిథుల్లో అందరికన్నా ప్రసిద్ధులు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి అనే ఇద్దరు జంటగా కవిత్వం చెప్పేవాళ్లు. వయసులో ఉండగానే గోదావరి ప్రాంతం నుంచి బయలుదేరి సంస్థానాలు తిరిగారు. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి కూడా ఆ తిరుగుడులో ఉన్నాయి. రాజుల దగ్గర చెప్పిన పద్యాలను తరువాత 'నానారాజ సందర్శనం' అనే పుస్తకంగా తెచ్చారు. వాళ్లకు బాగా పేరు తెచ్చింది అవధానం. అవధానంలో పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒకరి తరువాత ఒకరు చిక్కు ప్రశ్నలు వేస్తారు. అష్టావధానమైతే ఎనిమిది మంది, శతావధానమైతే వంద మంది. అందులో 'దత్తపది' అని ఒకటుంది. పృచ్ఛకుడు సంబంధం లేని నాలుగు మాటలు ఇస్తాడు. ఆ నాలుగూ వచ్చేటట్టు అక్కడికక్కడే పద్యం చెప్పాలి. చెప్పినవన్నీ చివర్లో కాగితం చూడకుండా వరుసగా అప్పజెప్పాలి.

కాగితం చూడకుండా అప్పజెప్పడం మన పాటగాళ్లకు కొత్త కాదు. తెల్లవార్లూ కథ పాడే మనిషి చేతిలో పుస్తకం ఉండదు. అయినా ఒకదాన్ని విద్య అన్నారు, రెండోదాన్ని కాలక్షేపం అన్నారు. పద్యానికి వార్షికం ఇచ్చారు, పాటకు దోసెడు గింజలు పెట్టారు.

అదే కాలంలో అడవిలో

కొల్లాపూర్ దాటి పోతే నల్లమల మొదలవుతుంది. అమ్రాబాద్, మన్ననూర్, లింగాల వైపు అడవుల్లో చెంచు పెంటలు ఉన్నాయి. సలేశ్వరం లోయలో లింగమయ్యకు చైత్ర పౌర్ణమి నాడు జరిగే జాతరలో పూజారులు చెంచులే. శ్రీశైలం మల్లన్న తమ అల్లుడని చెంచులు చెప్పుకుంటారు. దేవుణ్ణే అల్లుడిగా చేసుకున్న జాతికి పాటలు లేకుండా ఎట్లా ఉంటాయి? కానీ సంస్థానాల సాహిత్యం మీద వచ్చిన పుస్తకాల్లో సభకు పిలిపించుకున్న చెంచు పాటగాడి పేరు మాకు కనబడలేదు. తేనె కోటకు పోయింది. తేనె తెచ్చినవాడి పాట పోలేదు.

లంబాడీలకైతే తమ సొంత అతిథి కవులే ఉన్నారు. భాట్‌లు, ఢాడీలు తండాలకు వచ్చి గోత్రాల కథలు, వంశావళులు, వీరుల కథలు పాడేవాళ్లు. తండా వాళ్లకు అన్నం పెట్టి, కట్నం ఇచ్చి సాగనంపేది. పాటగాడు వచ్చినప్పుడే తమ తాత ముత్తాతల పేర్లు పిల్లలకు తెలిసేవి. గద్వాల రాజు కవికి ఇచ్చిన వార్షికానికీ, తండా నాయక్ ఢాడీకి ఇప్పించిన కట్నానికీ సొమ్ములో తేడా ఉండవచ్చు, వరస మాత్రం ఒకటే. కవిని అతిథిగా చూసుకునే ఆచారం మనకు కోట నుంచి రాలేదు. మన దగ్గర ముందు నుంచే ఉంది.

1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త అమ్రాబాద్ అడవులకు వచ్చి చెంచుల మధ్య ఉన్నాడు. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. గద్వాలలో అప్పుడు మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పాలన. కోటకు కవులు వస్తున్న కాలంలోనే అడవికి వచ్చినవాడు శాస్త్రవేత్త. కోటకు వచ్చినవాళ్లు తమ మాట వినిపించడానికి వచ్చారు. అడవికి వచ్చినవాడు మన మాట రాసుకోవడానికి వచ్చాడు. ఆయన రాసుకోవడం వల్ల ఎంతో నిలిచింది. కానీ ఆ పుస్తకం ఏ పెంట వాళ్ల గురించి రాశారో, ఆ పెంట వాళ్లు చదువుకునే భాషలో రాలేదు.

కవులు లేరన్న మాటకు జవాబు

ఈ జిల్లా బిడ్డ ఒకాయన చేసిన పని ఇక్కడ చెప్పాలి. సురవరం ప్రతాపరెడ్డి 1896లో ఇప్పటి గద్వాల జిల్లాలో పుట్టారు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. తెలంగాణలో కవులు పూజ్యం అని ఎవరో రాస్తే ఆయన వాదనకు దిగి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 354 మందితో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఆ తరువాత మాట అన్నవాళ్లకు నోరు పెగలలేదు. 1952 ఎన్నికల్లో ఆయన వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

లేరన్న మాటకు పేర్లతో సహా పుస్తకం చేతిలో పెట్టడమే జవాబు. అయితే ఆ సంచిక ప్రధానంగా పద్య కవులది. అడవిలో, తండాలో పాడేవాళ్ల సంచిక వేరే రావాలి. దాన్ని ఇంకొకరు తెస్తారని మనం ఎదురు చూడకూడదు.

కోట నుంచి ఊరి పందిరికి

1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ తరువాత సంస్థానాలు పోయాయి. కవికి ఆతిథ్యం ఇచ్చే పని రాజు చేతి నుంచి సంఘాల చేతికి వచ్చింది. ఈ మార్పు కళ్లకు కట్టే సభ 1953 జనవరిలో అలంపురంలో జరిగింది. ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏడవ వార్షికోత్సవాలు అవి. అలంపురం పండితుడు గడియారం రామకృష్ణ శర్మ పూనుకొని వాటిని జరిపించారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. శ్రీశ్రీ వచ్చారు, కాళోజీ వచ్చారు. కాళోజీ 'నా గొడవ' ఆ సభలోనే శ్రీశ్రీ చేతుల మీదుగా వెలువడింది.

అరవై ఏళ్ల కిందట ఇదే నడిగడ్డకు వచ్చిన కవులు రాజు ముందు అవధానం చేశారు. 1953లో వచ్చినవాళ్లు జనం ముందు జనం మాటలో కవిత్వం చదివారు. సన్మానం ఇచ్చే చెయ్యి మారితే కవిత్వం భాష మారుతుంది. పండితులు పరీక్షించినంత కాలం కవి పండితుల కోసమే రాశాడు. జనం వినడం మొదలు పెట్టాక జనం కోసం రాశాడు.

ఆ తరువాత పాటకు కూడా పీట పడింది. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న 'వల్లంకి తాళం' 2021కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన డక్కలి కళాకారుడు, 12 మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ పాడతాడు. ఆ కిన్నెర ఊరూరూ తిరిగినన్నాళ్లూ ఎవరూ దాన్ని సాహిత్యం అనలేదు. సినిమాలో వినిపించాక, ఢిల్లీ పిలిచాక అందరూ విన్నారు.

ఒక దూరదేశపు వరస

ఐర్లాండ్ దేశంలో కార్క్ అనే నగరం ఉంది. అక్కడ 2007లో పాల్ కేసీ అనే కవి ఒక కవితా సభల వరస మొదలు పెట్టాడు. పేరు 'ఓ వేల్'. ఐరిష్ భాషలో 'నోటి నుంచి' అని అర్థం. ఏళ్ల తరబడి సోమవారం సాయంత్రాల్లో ఒక చిన్న హోటల్ మేడ మీద ఆ సభలు జరిగాయి. మొదట వచ్చినవాళ్లు ఐదు మాటలు ఇస్తారు. కొద్ది నిమిషాల్లో ఆ ఐదూ వచ్చేటట్టు ఎవరైనా కవిత రాసి చదవవచ్చు. తరువాత అతిథి కవి చదువుతారు. ఆ పైన ఎవరికి చదవాలనిపిస్తే వాళ్లు చదువుతారు.

ఐదు మాటల ఆట మన దత్తపదికి దగ్గరి చుట్టం. తేడా ఒకటే. దత్తపదిలో మాటలు ఇచ్చేది పండితులు, పద్యం చెప్పేది అవధాని. అక్కడ మాటలు ఇచ్చేదీ జనమే, రాసేదీ జనమే. ఇంగ్లీషు పాలనలో ఐరిష్ భాష చాలావరకు జనం నోళ్ల నుంచి పోయింది. భాష పోగొట్టుకున్న బాధ తెలిసిన దేశంలో సభకు 'నోటి నుంచి' అని పేరు పెట్టుకున్నారంటే అందులో అర్థం ఉంది. గోర్‌బోలి ఇంట్లో మాట్లాడి బడిలో దాచుకునే మన పిల్లలకు ఆ అర్థం వేరే చెప్పనక్కర లేదు.

మనం చేయవలసింది

ఇప్పుడు మన పాటగాళ్లను ఎవరూ పిలవడం లేదని అనలేం. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు పిలుస్తారు. సేవాలాల్ మహరాజ్ జయంతి నాడు పిలుస్తారు. శాలువా కప్పుతారు, ఫోటో దిగుతారు, పంపిస్తారు. మళ్లీ ఏడాదికి గాని ఆ మనిషి గుర్తుకు రాడు. ఆ ఏడాదిలో ఆ మనిషి పోతే పాట కూడా పోతుంది. సన్మానం జరిగింది, వినడం జరగలేదు.

అందుకే ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, తండాల్లో నెలకు ఒక సభ పెట్టాలని మేము ఉపాధ్యాయులను కోరుతున్నాం. తేదీ మారకూడదు. అతిథి పెంటలో ఉండే అవ్వ కావచ్చు, తీజ్ పాటలు వచ్చిన యాడి కావచ్చు, కిన్నెర పట్టిన తాత కావచ్చు, పట్నం నుంచి వచ్చిన కవి కావచ్చు. ఎవరొచ్చినా బస్సు చార్జీ, భోజనం, కూలి పోయిన రోజుకు సొమ్ము ముందే సిద్ధం చేయాలి. అది దానం కాదు, వార్షికం. పిల్లలు ఆ పాటను తెలుగు లిపిలో రాసుకోవాలి. ఎవరు పాడారు, ఏ పెంట, ఏ తండా, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనేవి కింద రాయాలి. పాడినవాళ్లను అడిగి, వాళ్లు సరే అన్నాకే రికార్డు చేయాలి. కొన్ని పాటలు పూజలో తప్ప పాడనివి ఉంటాయి, వాటిని బలవంతం చేయకూడదు. చివర్లో పిల్లలకు ఐదు మాటలు ఇవ్వాలి. విల్లు, తేనె, గంప, బస్సు, సెల్లు అని ఇచ్చినా సరే. వాళ్లకు వచ్చిన భాషలో వాళ్లు కట్టుకుంటారు.

ఇంకొక సంగతి. గద్వాల కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ ఉంది. ఒకప్పుడు మన వాళ్లకు పిలుపు రాని చోట్ల ఈ రోజు మన పిల్లలు హాజరు పలుకుతున్నారు. వాళ్లు అక్కడ అతిథులు కారు, హక్కుతో చదువుకుంటున్నవాళ్లు. అట్లాంటప్పుడు అక్కడి సభకు ఎవరిని అతిథిగా పిలవాలో చెప్పే హక్కు కూడా వాళ్లదే. మొదటి పిలుపు అడవి నుంచి ఒక అవ్వకు పోవాలి. ఆమె పాడుతున్నంతసేపు సెల్లులు లోపల పెట్టి, పండితుడి పద్యం విన్నంత శ్రద్ధగా వినాలి. రెండో నెల కూడా పిలవాలి.