న్యూయార్క్ అయిదు కుటుంబాలు

న్యూయార్క్ నగరంలో దశాబ్దాలపాటు అక్రమ దందాలను పంచుకున్న అయిదు ఇటాలియన్-అమెరికన్ మాఫియా ముఠాలను ‘అయిదు కుటుంబాలు’ అంటారు. అవి జెనొవీస్, గాంబినో, లుకేసీ, బొనానో, కొలంబో. వీటిలో చేరడానికి రక్తసంబంధం అక్కర్లేదు, కాని ఇటాలియన్ వంశంలో పుట్టి ఉండాలి. ప్రతి ముఠాలోనూ బాస్, అండర్‌బాస్, సలహాదారు, వారి కింద కేపోలు, సోల్జర్లు ఉంటారు. వసూళ్లు కింది నుంచి పైకి పోతాయి, హుకుం పైనుంచి కిందికి వస్తుంది.

1930-31లో జో మాసేరియా, సాల్వటోర్ మరాంజానో వర్గాలు నగరమంతటా కాల్చుకున్నాయి. మాసేరియా అనుచరుడైన లక్కీ లూసియానో 1931 ఏప్రిల్‌లో తన నాయకుణ్ణే చంపించి యుద్ధం ముగించాడు. గెలిచిన మరాంజానో ముఠాలను అయిదుగా విడగొట్టి, అందరికీ పైబాసును తానేనన్నాడు. అయిదు నెలలు తిరక్కుండానే, ప్రభుత్వాధికారులమంటూ వచ్చినవాళ్లు అతణ్ణి ఆఫీసులోనే చంపేశారు. అదీ లూసియానో పనే. అయితే ఖాళీ అయిన ఆ గద్దె మీద అతను కూర్చోలేదు. అతని తెలివంతా అక్కడుంది. అయిదుగురు బాసులతోపాటు షికాగో, బఫెలో ముఠాలకూ చోటిచ్చి ‘కమిషన్’ అనే పంచాయతీ పెట్టాడు. బాసును చంపాలంటే దాని అనుమతి కావాలి.

ఈ కట్టుబాటు రక్తపాతాన్ని ఆపిందనుకుంటే పొరపాటు. 1957లో ముఠా బాసు ఆల్బర్ట్ అనస్తాసియా మన్‌హటన్‌లోని ఒక హోటల్లో క్షౌరానికి కుర్చీలో కూర్చుని ఉండగానే తూటాలకు బలయ్యాడు. అతని ముఠా కార్లో గాంబినో చేతికి వచ్చింది. కొద్ది వారాలకే అపలాచిన్ గ్రామంలో దేశం నలుమూలల నుంచి చేరిన బాసులు పోలీసుల కంటపడి అడవిలోకి పరుగులు తీశారు. 1963లో ముఠా సభ్యుడు జో వలాచీ సెనేట్ కమిటీ ముందు గుట్టంతా విప్పాడు.

కమిషన్ అసలు పని వాటాలు తేల్చడం. రేవులు, చేపల మార్కెట్, దుస్తుల పరిశ్రమ, చెత్త రవాణా ఇలా ఎవరి మేత వారిది. 1980ల్లో కాంక్రీటు వంతు వచ్చింది. 20 లక్షల డాలర్లు దాటిన కాంట్రాక్టు ఎవరికి దక్కాలో కుటుంబాలే నిర్ణయించి, 2 శాతం గుంజేవి. నగరంలో లేచే ప్రతి పెద్ద భవనం ఖరీదులోనూ ఈ కప్పం కలిసేది.

ముఠాల మధ్య ఒప్పందమే చివరికి సాక్ష్యమైంది. లుకేసీ బాస్ ఆంటనీ కొరాలో తిరిగే జాగ్వార్ కారులో 1983లో పోలీసులు రహస్య మైకు అమర్చారు. కమిషన్ సంగతులు అతని నోటనే రికార్డయ్యాయి. ముఠా మొత్తాన్నీ ఒకే నేరసంస్థగా చూసే 1970 నాటి రికో చట్టం కింద ప్రాసిక్యూటర్ రుడాల్ఫ్ జూలియానీ బాసులందరినీ ఒకే కేసులోకి లాగాడు. గాంబినో బాస్ పాల్ కాస్టెల్లానో విచారణకు ముందే 1985 డిసెంబరులో హత్యకు గురయ్యాడు. కొరాలో, సలెర్నో, కొలంబో బాస్ పెర్సికోలకు 1987 జనవరిలో తలా వందేళ్ల జైలు పడింది. జెనొవీస్ బాసుగా శిక్షపడ్డ సలెర్నో ఉత్త ముసుగేనని, అసలు బాస్ స్నానపు కోటుతో వీధుల్లో పిచ్చివాడిలా తిరిగే విన్సెంట్ గిగాంటే అని తరవాత తేలింది.

డానీ బ్రాస్కో పేరుతో ఎఫ్‌బీఐ ఏజెంటు చొరబడ్డాక కమిషన్ వెలివేసిన బొనానోలు ఈ దెబ్బను చాలావరకు తప్పించుకున్నారు. అయితే ఆ కుటుంబ బాసుగా ఉన్న జోసెఫ్ మసీనోయే 2011లో కోర్టు బోనెక్కి ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పాడు. న్యూయార్క్ కుటుంబాల బాసు ఒకడు అలా చేయడం అదే మొదటిసారి.