వెబ్ దరఖాస్తుల్లో వివరాల తనిఖీ

వెబ్ పేజీలోని దరఖాస్తులో వాడుకరి నింపిన వివరాలను లెక్కలోకి తీసుకునే ముందు ప్రోగ్రాము పరీక్షించి చూడటాన్ని ఇన్‌పుట్ వాలిడేషన్ అంటారు. గడి ఖాళీగా ఉందా, అంకెలు ఉండాల్సిన చోట అక్షరాలు పడ్డాయా అన్న చిన్న ప్రశ్నలతో ఈ పని మొదలవుతుంది. గడిలోకి వచ్చింది వివరమేనా, లేక డేటాబేస్‌కు చాటుగా ఇచ్చిన ఆదేశమా అన్న దాకా వెళ్తుంది. దక్షిణ రాయలసీమలో ఈ తనిఖీ సామాన్యుడికి ఎక్కువగా ఎదురయ్యే చోట్లు రెండు: 2011లో చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ, తిరుమల తిరుపతి దేవస్థానముల ఆన్‌లైన్ టికెట్లు.

పూర్వరంగం

కరణం రాసిన గ్రామ లెక్కలను ఏటా జమాబందీలో పై అధికారులు సరిచూసే ఆనవాయితీ బ్రిటిష్ పాలన నాటి నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి. యంత్రాలకు వివరాలు అందించే పంచ్ కార్డుల కాలంలోనూ సరిచూసింది మనుషులే: ఒకరు కొట్టిన కార్డును మరొకరు వెరిఫయర్ యంత్రం మీద మళ్ళీ కొట్టి పోల్చేవారు. ఇలా రెండుసార్లు కొట్టే శ్రమను తగ్గించింది, మిగతా అంకెల నుంచి లెక్కకట్టి సంఖ్యకు చేర్చే తనిఖీ అంకె. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసి 1960లో పొందిన సూత్రం నేటికీ బ్యాంకు కార్డుల మీద పనిచేస్తోంది. ఒక అంకె తప్పుపడితే అది పట్టేస్తుంది, పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం 09, 90 జంటను పట్టలేదు. డచ్ గణితవేత్త యాకోబస్ వెర్‌హూఫ్ 1969లో ప్రచురించిన సూత్రానికి ఆ లోపం కూడా లేదు. 2010 సెప్టెంబరు 29న తొలి ఆధార్ సంఖ్య జారీ అయింది. అందులోని 12వ అంకె వెర్‌హూఫ్ సూత్రం ప్రకారం వచ్చేదే.

బ్రౌజరు, సర్వరు

వెబ్ పేజీల్లో నింపే ఫారాలు 1993 ప్రాంతంలో వచ్చాయి. అప్పట్లో తనిఖీ అంతా సర్వరులోనే జరిగేది. ఒక గడి తప్పితే పేజీ మొత్తం వెనక్కి వచ్చేది, కొన్నిసార్లు నింపినవన్నీ చెరిగిపోయి వచ్చేది. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ కోసం జావాస్క్రిప్ట్ రాశాక, పంపకముందే బ్రౌజరులోనే తప్పు చూపడం వీలైంది. 2014 అక్టోబరు 28న ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీఎంఎల్ 5లో, తప్పనిసరి గడి, కనిష్ఠ గరిష్ఠ విలువలు, ఈమెయిల్ రూపం వంటి పరీక్షలు స్క్రిప్టు రాయనక్కరలేకుండానే చేరాయి.

అయితే బ్రౌజరు వాడుకరి చేతిలోని వస్తువు. స్క్రిప్టును ఆపేయవచ్చు, పేజీ తెరవకుండానే సర్వరుకు నేరుగా అభ్యర్థన పంపవచ్చు. అలిపిరిలో తనిఖీ అయిందని వైకుంఠం క్యూ కాంప్లెక్సులో టికెట్టు చూడకుండా వదలరు కదా. బ్రౌజరులోని పరీక్ష వాడుకరి సౌకర్యానికి, సర్వరులోని పరీక్ష రక్షణకు. రెండూ ఒకటేనని నమ్మినవారికి జరిగిన నష్టాలే 1998 నుంచి 2005 దాకా ఏడేళ్ళ చరిత్ర.

1998–2005

1998 డిసెంబరు 25న వెలువడిన ‘ఫ్రాక్’ పత్రిక 54వ సంచికలో రెయిన్ ఫారెస్ట్ పపీ అనే మారుపేరుతో జెఫ్ ఫారిస్టల్ ఒక వ్యాసం రాశాడు. గడిలో టైపు చేసిన మాటలు డేటాబేస్‌కు వెళ్ళే ఎస్‌క్యూఎల్ వాక్యంలో అలాగే అతుక్కుంటే, ఆ మాటలే ఆదేశాలైపోతాయని అందులో చూపాడు. దీనికి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనే పేరు తర్వాత స్థిరపడింది. కిటుకు చాలా చిన్నది. వాక్యంలో పేరును మూసే ఒంటి కొటేషన్ గుర్తును వాడుకరే టైపు చేస్తాడు. పేరు అక్కడితో అయిపోయిందని డేటాబేస్ అనుకుంటుంది, ఆ తర్వాత వచ్చిందంతా ఆదేశంగా చదువుతుంది. డిసౌజా వంటి ఇంటిపేర్లను ఇంగ్లీషులో రాస్తే అదే గుర్తు నడుమ వస్తుంది కాబట్టి, దాన్ని మొత్తంగా నిషేధించడమూ కుదరదు.

2000 ఫిబ్రవరి 2న అమెరికాలోని సర్ట్ కేంద్రం మరో రకం దాడి గురించి హెచ్చరిక జారీ చేసింది. ఒకరు గడిలో రాసిన స్క్రిప్టు మరొకరి బ్రౌజరులో నడవడం దాని సారాంశం. 2001లో మార్క్ కర్ఫీ ప్రారంభించిన ఓవాస్ప్ సంస్థ 2003లో వెబ్ లోపాల తొలి పది జాబితాను ప్రకటించి, తనిఖీ చేయని ఇన్‌పుట్‌కు మొదటి స్థానం ఇచ్చింది. ఈ రంగంలో ఇంతగా ఉపయోగపడిన పత్రం మరొకటి లేదనవచ్చు. 2005 అక్టోబరు 4న శామీ కమ్‌కార్ అనే యువకుడు మైస్పేస్‌లోని తన పేజీలో పెట్టిన స్క్రిప్టు ఒక రోజు తిరగకుండానే 10 లక్షలకు పైగా ఖాతాలకు పాకింది. మైస్పేస్ నిషిద్ధ పదాలను ఏరివేసేది. అతను అలాంటి ఒక పదాన్ని రెండు వరుసల్లోకి విరిచి రాశాడు, అంతే. రాకూడనివాటి జాబితా ఎప్పటికీ పూర్తికాదని, రావలసినవాటినే నిర్వచించి మిగతావి ఆపాలని ప్రోగ్రామర్లు అప్పటి నుంచి గట్టిగా చెబుతున్నారు.

ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ సమస్యకు పీహెచ్‌పీ భాష వెతికిన దగ్గరదారి బెడిసికొట్టింది. మ్యాజిక్ కోట్స్ అనే ఏర్పాటు వచ్చిన ప్రతి కొటేషన్ గుర్తు ముందూ ఒక వాలుగీత చేర్చేది. అవసరం లేనిచోట కూడా చేరిన ఆ గీతలు పేర్లతో పాటు డేటాబేసుల్లో నిలిచిపోయాయి. 2012లో వచ్చిన 5.4 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. ఆదేశాన్ని ఒక దారిన, వివరాన్ని వేరే దారిన డేటాబేస్‌కు పంపే పద్ధతి ఇంజెక్షన్‌కు అసలు మందుగా నిలిచింది. దానివల్ల వివరాల తనిఖీకి తన సొంత పని మిగిలింది: వచ్చింది అర్థవంతమైన వివరమా కాదా అని చూడటం.

చిత్తూరు జిల్లాలో

కుప్పంలో హెచ్‌పీ సంస్థ 2002లో ఐ-కమ్యూనిటీ పేరుతో గ్రామీణ కంప్యూటర్ కేంద్రాల ప్రయోగం చేసింది. 2011 నవంబరు 4న మీసేవ చిత్తూరు జిల్లాలోనే మొదలై, తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఇక్కడ గడులు నింపేది దరఖాస్తుదారు కాదు, కేంద్రంలోని ఆపరేటరు. భూమి వివరాల అడంగల్, 1బి నకళ్ళ వంటి వాటిని రికార్డుల్లోంచి తీసి డిజిటల్ సంతకంతో అప్పటికప్పుడే ఇచ్చేస్తారు. కులం, ఆదాయ ధ్రువీకరణ పత్రాల దరఖాస్తులు తహసీల్దారు పరిశీలనకు వెళ్తాయి. యంత్రం చూడగలిగేది, మనిషే చూడాల్సింది అన్న ఈ విభజన మెచ్చదగినది.

సర్వే నంబరు పేరుకే నంబరు. 123 అన్న భూమి పంపకాల్లో 123/2 అవుతుంది, అది మళ్ళీ చీలి 123/2ఏ అవుతుంది. గీత బదులు అడ్డగీత పెట్టి 123-2ఏ అని రాయడమూ వాడుకలో ఉంది. ఆ గడికి అంకెలు మాత్రమే అన్న నియమం పెడితే సగం పొలాలు బయటే ఉండిపోతాయి. ఏ రూపాన్నైనా అనుమతిస్తే ఒకే పొలం రెండుగా నమోదయ్యే ప్రమాదం ఉంది. రెండు రూపాలనూ తీసుకుని, లోపల ఒకే రూపంలోకి మార్చి, ఆ గ్రామం రికార్డులో అది ఉందో లేదో చూడటం సరైన దారి.

పేర్ల సంగతి ఇంతకంటే చిక్కు. తెలుగు ఇళ్ళలో పేరు ముందున్న పొడి అక్షరం ఇంటిపేరుది. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు తమిళ కుటుంబాల్లో అదే అక్షరం తండ్రి పేరుది. మునెమ్మ అన్న ఒక్క పేరుతోనే జీవితమంతా గడిపినవారూ ఉంటారు. మొదటి పేరు, చివరి పేరు రెండూ తప్పనిసరి, చుక్క నిషేధం అనే ఫారం ముందు వీరంతా తప్పు వివరాలు ఇచ్చినవారవుతారు. ఒకే పేరును రెండు గళ్ళలో నింపి ముందుకు వెళ్తే, తర్వాత ఆధార్‌తో పోల్చినప్పుడు తేడా వస్తుంది.

ఊరి వివరాలకూ స్థిరత్వం లేదు. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్ కోడ్‌లలో చిత్తూరుకు 517001, తిరుపతికి 517501, తిరుమలకు 517504 దక్కాయి. 517తో మొదలైతే చిత్తూరు జిల్లా అని ప్రోగ్రాములో రాసుకున్న నియమం 2022 ఏప్రిల్ 4న చెల్లకుండా పోయింది. ఆ రోజు ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి నెల్లూరు జిల్లా నుంచి గూడూరు (524101), సూళ్ళూరుపేట (524121) వచ్చాయి. మదనపల్లె (517325) అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. జీఎస్టీ సంఖ్య ముందుండే రాష్ట్ర కోడ్ కూడా అలాంటిదే: ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 28 పోయి, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36 వచ్చాయి. ఇలాంటి పట్టికలను కోడ్‌లో కాక డేటాబేస్‌లో, అమలు తేదీతో సహా పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు.

తిరుమల టికెట్లు

300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టుకు పేరు, వయసు, గుర్తింపు కార్డు సంఖ్య ఇవ్వాలి. క్యూలో కార్డుతో పోల్చి చూస్తారు. ఆధార్ సంఖ్య 0తో గానీ 1తో గానీ మొదలుకాదు, చివరి అంకె వెర్‌హూఫ్ సూత్రానికి నిలవాలి. అయితే ఆ పరీక్ష నెగ్గినంత మాత్రాన సంఖ్య నిజమైనదని కాదు. నోటికొచ్చిన సంఖ్య చెప్పినా, చివరి అంకె పదిలో ఒకసారి కుదురుతుంది. కార్డు మీద నాలుగేసి అంకెల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి, చూసి అలాగే కొట్టిన భక్తుడిని 12 దాటాయని తిప్పిపంపడం కంటే ఆ ఖాళీలను తీసేసుకోవడం మర్యాద.

వయసు గడి చిన్నదిగా కనిపిస్తుంది. 12 ఏళ్ళ లోపు పిల్లలకు ఈ టికెట్టు అక్కర్లేదు, వృద్ధుల దర్శనానికి 65 నిండాలి. టికెట్లు నెలల ముందే విడుదలవుతాయి కనుక వయసును బుకింగ్ రోజున లెక్కించాలా, దర్శనం రోజునా అన్నది ప్రోగ్రామరు ముందే తేల్చుకోవాలి. షరతులు మధ్యలో మారడమూ ఉంది. కొవిడ్ వల్ల 2020 మార్చి 20న ఆగిన దర్శనాలు జూన్‌లో మళ్ళీ మొదలయ్యాయి. 2021లో రెండు డోసుల టీకా పత్రం లేదా 72 గంటల లోపు నెగెటివ్ రిపోర్టు అనే కొత్త షరతు చేరింది. 2023 మార్చి 1న ముఖ గుర్తింపు విధానం ప్రయోగాత్మకంగా ప్రవేశించడంతో, టైపు చేసిన సంఖ్యకూ ఎదురుగా నిలబడ్డ మనిషికీ మధ్య దూరం కొంత తగ్గింది.

తెలుగు లిపి

యూనికోడ్ 1991 నుంచీ తెలుగుకు చోటిచ్చింది. ‘తిరుపతి’ తెర మీద 4 అక్షరాలు. యూనికోడ్‌లో అది 7 సంకేతాలు, ఎందుకంటే గుడి, కొమ్ము వేర్వేరుగా లెక్కకొస్తాయి. యూటీఎఫ్-8లో నిల్వ చేస్తే 21 బైట్లు. 20 బైట్ల పరిమితి ఉన్న గడిలో ఊరి పేరు పట్టదు. అక్షరాలు మాత్రమే అన్న నియమం కూడా గుణింతపు గుర్తులను అక్షరాలుగా ఒప్పుకోదు; వాటి వర్గాన్ని విడిగా చేర్చాలి. జావాస్క్రిప్ట్‌లో ఆ వర్గాల పేర్లతో నియమం రాసే వీలు 2018 ప్రమాణంలో వచ్చింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను రాసే ఒక సంకేతాల వరుస ఐఫోన్‌లలో యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ 19వ తేదీన ఐఓఎస్ 11.2.6తో సరిదిద్దింది. అందులోని ప్రతి సంకేతమూ యూనికోడ్ ప్రకారం చెల్లేదే. తప్పు టైపు చేసినవారిది కాదు, దాన్ని గీసి చూపే ప్రోగ్రాముది.

ఇటీవలి కాలం

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ను ప్రారంభించింది. అక్కడ టైపు చేసే గడులు తగ్గి, జాబితాలోంచి ఎంచుకునే మీటలు పెరిగాయి. జాబితాలో లేని ఊరి మనిషికి ఏ మీట ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం కోడ్ రాసేవారి దగ్గరే ఉంది.